ప్రాణదీపమును నిలిపిన వైద్యుడు: విలియం హాసు

పదునెనిమిదవ శతాబ్దమున లండను నగరమునకు థేమ్సు నదియే రాజమార్గము. ఆ నదిపై నాడు వంతెనలు మిక్కిలి తక్కువ. జనులు పడవలపైననే ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు పోవుచుండిరి. దూరదేశములనుండి వచ్చిన ఓడలు నదిలోనే లంగరు వేసి సరకులు దింపుచుండెను. పడవవారు, కూలీలు, నీరు ముంచుకొను స్త్రీలు, ఒడ్డున నాడుకొను పిల్లలు, ఇట్లు వేలకొలది జనులు నిత్యము నీటి యంచున బ్రదుకుచుండిరి. వారిలో ఈత నేర్చినవారు బహుస్వల్పము. అందుచే కాలుజారి నీటబడి చనిపోవుట అచ్చట తరచుగా జరుగు విషయమై యుండెను.

మునిగినవానిని పైకి తీసినపుడు ఊపిరి యాడకున్నచో, దేహము చల్లబడి యున్నచో, వానిని మృతునిగానే యెంచుచుండిరి. తాకినచో లేనిపోని చిక్కులు వచ్చునని దూరముగా నిలుచువారు కొందరు. కాళ్లు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసియో, పీపాపై బోర్లించి దొర్లించియో నీరు కక్కించుటకు చూచువారు మరికొందరు. నది యొడ్డున నున్న మద్యపు దుకాణములవారు, సత్రములవారు అట్టి దేహమును తమ గడప దాటి రానీయకుండిరి. చలికాలమున ఆ దేహము ఒడ్డుననే పడియుండి, లోపల నేమైన ప్రాణము మిగిలియున్న యెడల అదియు చలికి ఆరిపోవుచుండెను.

ఆ దేహములలో కొన్ని శవములు కావని నమ్మి, ఆ నమ్మకమునకై తన ధనమును, పేరును, శేషజీవితమును వెచ్చించిన వైద్యుడు విలియం హాసు.

హాసు 1736వ సంవత్సరము నవంబరు 28వ తేదీన లండను సమీపముననున్న ఇస్లింగ్టనులో జన్మించెను. సెయింటు పాలు పాఠశాలలో చదివి, పిమ్మట ఒక అపోతికరీ వద్ద శిష్యుడుగా చేరెను. అపోతికరీలనగా మందులు నూరి కలిపి యిచ్చుటయే కాక, రోగుల యిండ్లకు పోయి చికిత్స గూడ చేయువారు. పట్టభద్రులైన వైద్యులకు ఇచ్చుకొనవలసిన రుసుము చెల్లింపలేని సామాన్యులకు వీరే దిక్కు. శిష్యరికము ముగిసిన పిదప హాసు స్ట్రాండు అను వీథిలో ఒక అపోతికరీకి సహాయుడుగా నుండి, క్రమముగా ఆయన స్థానమునకు తానే వచ్చెను. 1759లో సారా ఫాక్సు అను నామెను వివాహమాడెను. స్ట్రాండు వీథి థేమ్సు నదికి కూతవేటు దూరముననే పోవుచుండును. నదిలో పడినవారి సంగతి ఆయనకు వినికిడి మాత్రమున తెలిసినది కాదు.

మునిగినవానికి మరల ఊపిరి పోయుట సాధ్యమను తలంపు హాసుకు పూర్వమే అక్కడక్కడ పొడచూపి యుండెను. 1732లో స్కాట్లండు దేశమున అలోవా అను నూరిలో బొగ్గుగని పొగచే ఊపిరాగి పడియున్న యొక కూలివాని నోటిలో టాసక్ అను వైద్యుడు తన నోటితో గాలి నూది బ్రతికించెను. ఆ సంగతిని ఆయన పండ్రెండేండ్ల తరువాత ప్రకటించెను. 1745లో లండనులోని జాన్ ఫాదర్‌గిల్ అను ప్రసిద్ధ వైద్యుడు పండితసభలో దానిని ప్రశంసించెను. అయినను లోకము పట్టించుకొనలేదు. అటుపిమ్మట, కాలువల నగరమైన ఆమ్‌స్టర్‌డాములో 1767లో కొందరు పౌరులు కూడి, మునిగినవారిని రక్షించుటకై ఒక సంఘమును స్థాపించి, తాము బ్రతికించినవారి వృత్తాంతములను అచ్చువేయసాగిరి. హాలండులో కొంతకాలము నివసించిన థామస్ కోగను అను ఆంగ్ల వైద్యుడు 1773లో ఆ వృత్తాంతములను ఇంగ్లీషులోనికి అనువదించెను.

అదే సంవత్సరమున హాసు ఒక విచిత్రమైన ప్రకటన గావించెను. వెస్టుమినిస్టరు వంతెనకును లండను వంతెనకును నడుమ నీటమునిగిన వారిని ఆలస్యము చేయక తన యొద్దకుగాని, తన మిత్రులైన వైద్యుల యొద్దకుగాని తెచ్చినవారికి బహుమాన మిత్తునని దాని సారాంశము. జనులు నవ్విరి. చచ్చినవానిని బ్రతికింతు ననువాడు మోసగాడైన కావలెను, మతి చెడినవాడైన కావలెను గదా! తోటి వైద్యులలో సైతము అపహసించినవారు కలరు. కాని బహుమాన మనుమాట పడవవారి చెవిని బడెను. వారు దేహములను తేసాగిరి. హాసు తన స్వంత ధనమునుండియే వారికి చెల్లించుచు పండ్రెండు మాసములు గడపెను. తెచ్చినవారిలో కొందరు కన్నులు తెరచిరి.

ఆ కాలముననే ఆయన జీవితమున మరియొక సంఘటన జరిగెను. దానిని చెప్పుటకు ముందు ఆలివరు గోల్డుస్మిత్తును గూర్చి ఒక మాట చెప్పవలెను. వేక్‌ఫీల్డు మతాచార్యుని కథను వ్రాసిన మహారచయిత ఆయనయే. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజశేఖర చరిత్రమును రచించుటకు ఆ నవలయే ప్రేరణ యగుటచే, తెలుగువారికి గోల్డుస్మిత్తు అపరిచితుడు కాడు. ఆయన యౌవనమున ఎడింబరోలోను లైడెనులోను వైద్యము చదివి, తనను వైద్యుడుగనే చెప్పుకొనుచుండెను. హాసు ఆయనకు మిత్రుడు.

1774 మార్చి 25వ తేదీ రాత్రి పదునొకండు గంటలకు గోల్డుస్మిత్తు కబురంపగా హాసు ఆయన గదికి పోయెను. గోల్డుస్మిత్తు జ్వరముతోను, భరింపరాని తలనొప్పితోను బాధపడుచుండెను. జేమ్సు పొడి అను నొక మందును తాను పుచ్చుకొన దలచితినని ఆయన తెలిపెను. ఆ పొడి నాడు దేశమంతట ఇంటింట నుండినది. జ్వరము వచ్చినచో వైద్యుని పిలువకయే దానిని మ్రింగుట పరిపాటి. దానిలో అంజనధాతువు, అనగా ఆంటిమని, కలదు. అది వాంతులను, విరేచనములను పుట్టించి మనుష్యుని నీరసింపజేయును. గోల్డుస్మిత్తు స్థితిలో అది తగదని హాసు అరగంట సేపు బ్రతిమాలెను. వినకుండుట చూచి, మరియొక వైద్యునైన పిలిపింపుడని ప్రార్థించి, జార్జి ఫోర్డైసు అను పెద్ద వైద్యుని రప్పించెను. ఆయనయు అదే మాట చెప్పెను. ఇరువురు వెడలిన పిదప గోల్డుస్మిత్తు తన యిష్టము చొప్పున పొడిని సేవించెను. వాంతులు, విరేచనములు పట్టుకొనెను. బలము దినదినము క్షీణించెను. ఏప్రిలు 4వ తేదీన ఆ మహారచయిత కన్నుమూసెను.

హాసు ఆ సంగతి నంతయు వ్రాసి ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. పేరుపొందిన మందైనను రోగియొక్క స్థితి తెలియక పుచ్చుకొన్నచో విషమగునని ప్రజలకు తెలుపుటయే ఆయన యుద్దేశము. ఆ పొడిని అమ్ముచుండినవారు గోల్డుస్మిత్తు గ్రంథములను ప్రకటించిన న్యూబరీ కుటుంబమువారే యగుటచే వాదప్రతివాదములు చెలరేగెను. గోల్డుస్మిత్తు మరణమునకు ఆ పొడియే కారణమా, లేక ఆయనకు లోలోపల నుండిన వ్యాధియా అనుట నేటికిని తేలని విషయము. హాసు తన మిత్రుని పోగొట్టుకొనెను. చెప్పవలసినది చెప్పియు కాపాడలేకపోయెను. ఆ దుఃఖములో నుండగనే, అదే ఏప్రిలు మాసమున, ఆయన తన జీవితకార్యమును ప్రారంభించెను.

ఆ ప్రారంభమునకు తోడ్పడినవాడు కోగను. ఒక్కడే బహుమానము లిచ్చుచు పోయినచో హాసు కుటుంబము వీథిని పడునని కోగను గ్రహించి, ఆ సంగతి మిత్రునకు నచ్చజెప్పెను. ఇరువురును తలకు పదునైదుగురు మిత్రులను తీసికొని రావలెనని ఒప్పందము చేసికొనిరి. సెయింటు పాలు దేవాలయము ప్రక్కనున్న చాప్టరు కాఫీశాలలో 1774 ఏప్రిలు 18వ తేదీన ముప్పదిరెండు మంది సమావేశమై, నీటమునిగి మృతులవలె కనబడువారికి తక్షణ సహాయము చేయు సంఘమును స్థాపించిరి. రెండేండ్లకు అది హ్యూమేన్ సొసైటీ యను పొట్టి పేరును పొందెను. 1787లో రాజుగారి పోషణ లభించి రాయల్ హ్యూమేన్ సొసైటీ యయ్యెను.

సంఘముయొక్క ఏర్పాటులు మిక్కిలి ఆలోచించి చేసినవి. మునిగినవానిని బ్రతికించుటకు యత్నించిన మొదటివారికి రెండు గినీలు. బ్రతికిన యెడల నాలుగు గినీలు. దేహమును తన యింటిలోనికి రానిచ్చి, పక్కయు నిప్పును ఇచ్చిన గృహస్థునకు లేదా సత్రమువానికి ఒక గినీ. ఈ కడపటి బహుమానము చిన్నదిగా తోచును గాని, హాసుయొక్క లోకజ్ఞానమంతయు అందే కలదు. వైద్యుడు వచ్చుదాక రోగి చలిలో పడియుండరాదు. తలుపు తెరచువాడు కావలెను. ఇంతవరకు గడప దాటనీయని సత్రమువారు ఆ గినీకై తలుపులు తెరచిరి. క్రమముగా నది పొడవునను అట్టి స్వీకారగృహములు వెలసెను. వానిలో కొలిమితిత్తులవంటి గాలితిత్తులు మొదలగు పరికరములు పెట్టెలలో సిద్ధముగా నుంచబడెను. సమీపమున నివసించు వైద్యులు ప్రతిఫలము లేకయే పిలిచిన వెంటనే వచ్చుటకు ఒప్పుకొనిరి. చేయవలసిన పనులను వివరించు కాగితములను అచ్చువేసి జనులకు ఉచితముగా పంచిపెట్టిరి.

ధనమున్నచోట వంచనయు నుండును. కొందరు తుంటరులు జతగా కూడి, ఒకడు మునిగినట్లు నటించుటయు, రెండవవాడు రక్షించినట్లు నటించుటయు, వచ్చిన గినీలను ఇరువురు పంచుకొనుటయు మొదలిడిరి. సంఘమువారు దానిని కనిపెట్టి, కాలక్రమమున ధనమునకు బదులు పతకములను, ప్రశంసాపత్రములను ఇయ్యసాగిరి. పతకముపై నొక బాలుని బొమ్మ యుండును. ఆరిపోయిన కాగడాను చేతబట్టుకొని అతడు ఊదుచుండును. ఎక్కడనైన చిన్న నిప్పురవ్వ దాగియుండునేమో యను భావమును తెలుపు లాటిను పదములు దాని చుట్టును చెక్కబడి యుండును.

ఈ నిప్పురవ్వ యనగానేమో తెలిసికొనవలెను. ఊపిరి యాగుటయు, గుండె యాగుటయు, ప్రాణము పోవుటయు ఒక్క క్షణమున జరుగు పనులు కావు. నీట మునిగినవానికి మొదట ఊపిరి యాగును. గుండె మరికొన్ని నిమిషములు కొట్టుకొనుచునే యుండవచ్చును. గాలిలోని ప్రాణవాయువు రక్తమునకు అందనందున మెదడు చెడసాగును. సామాన్యముగా నాలుగైదు నిమిషములలోనే ఆ చేటు మొదలగును. ఆ లోపుగా ఎవరైన గాలి నందించినచో మనుష్యుడు తిరిగి లేచును. ఆ కొద్ది నిమిషములలో అచ్చట నుండువాడు వైద్యుడు కాడు. తల్లియో, అన్నయో, ఇరుగుపొరుగువాడో, పడవవాడో అయియుండును. కావున విద్య వారికి రావలెను. హాసు తన ముప్పదినాలుగేండ్ల కృషిలో పట్టుకొని వ్రేలాడిన సత్య మిదియే.

ఆయన కాలమున సంఘము బోధించిన పద్ధతు లన్నియు సరియైనవని చెప్పరాదు. తడిబట్టలు తీసివేసి దేహమును వెచ్చజేయుటయు, నోటితోగాని తిత్తితోగాని ఊపిరితిత్తులలోనికి గాలి నూదుటయు మంచివే. కాని ఆసనమార్గమున పొగాకు పొగను ఎక్కించుట గూడ వానితోబాటు బోధింపబడెను. ఆ పొగ లోపలి యవయవములను మేలుకొలుపునని నాటివారి నమ్మకము. అందులకై ప్రత్యేకముగా గొట్టములును తిత్తులును తయారుచేసి స్వీకారగృహములలో ఉంచిరి. 1811లో బెంజమిన్ బ్రోడీ యను శస్త్రవైద్యుడు పొగాకు గుండెకు విషమని జంతువులపై పరీక్షించి చూపిన పిమ్మట ఆ పద్ధతి వెనుకబడెను. అప్పటికి హాసు జీవించి లేడు. అంతటి మేధావియు తన కాలపు పొరపాటును తప్పించుకొనలేకపోయెను.

వైద్యుల చేతికిని పుస్తకముల చేతికిని తమ ప్రాణములను గ్రుడ్డిగా అప్పగింపరాదని ఆయన ప్రజలను పలుమార్లు హెచ్చరించెను. మతప్రచారకుడైన జాన్ వెస్లీ పేదలకై గృహవైద్యమును గూర్చి ఒక పుస్తకము వ్రాసియుండెను. అది ఇంటింట చదువబడుచుండెను. వెస్లీయొక్క సదుద్దేశమును ఎవ్వరును శంకింపరు. కాని అందలి చికిత్సలలో పెక్కులు నిష్ప్రయోజనములని, కొన్ని అపాయకరములని హాసు 1776లో ఒక విమర్శను ప్రకటించెను. బ్రతికియున్నవారిని మృతులని భ్రమించి త్వరపడి ఖననము చేయరాదని మరుసటి సంవత్సరము మరియొక పుస్తకమును వ్రాసెను. గృహస్థులకు వైద్యజ్ఞాన ముండవలెనని కోరిన హాసే గృహవైద్య గ్రంథమును ఖండించుట వింతగా తోచవచ్చును. నిజమునకు అందు వైరుధ్యము లేదు. తెలిసిన పనిని వెంటనే చేయుట యొకటి. తెలియని మందును మ్రింగించుట మరియొకటి.

హాసు నడివయస్సున వైద్యపట్టమును గూడ పొందెను. పేదలకు ఉచితముగా మందులిచ్చు సర్రీ, లండను వైద్యశాలలలో వైద్యుడుగా పనిచేసెను. ఆగిన ఊపిరిని మరల నడిపించు విధానమును గూర్చి ఉపన్యాసములు ప్రారంభించెను. ఆ విషయమై ఉపన్యసించినవారిలో ఆయనయే ప్రథముడని చెప్పుదురు. సంఘముయొక్క వార్షిక నివేదికలను ఏండ్లతరబడి తానే కూర్చెను. ఎవరు, ఎక్కడ, ఎంతసేపు నీటిలో నుండిరి, ఎవరేమి చేసిరి, ఫలితమేమి యను వివరములతో ఒక్కొక్క సంఘటనయు వ్రాయబడెను. బ్రతికినవారి సంగతులతో బాటు బ్రతుకనివారి సంగతులును అందు చేరెను. సంఘముయొక్క తొలిదినముల వృత్తాంతములలో ఒక మూడేండ్ల బాలిక కథ కలదు. ఆమె మేడ కిటికీనుండి క్రిందబడి చనిపోయినదని నిర్ణయింపబడగా, పొరుగువాడొకడు విద్యుద్యంత్రముతో ఆమె రొమ్మునకు తాకుడు లిచ్చి బ్రతికించెను. నేడు ఆసుపత్రులలో గుండెకు విద్యుత్తు నిచ్చుట చూచువారికి ఆ కథ ఆశ్చర్యము గొలుపును.

ఏటేట సంఘముయొక్క ఉత్సవము జరుగుచుండెను. విందు నడుమ వాద్యములు మ్రోగగా తలుపులు తెరువబడును. ఆ సంవత్సరము ప్రాణము దక్కించుకొన్నవారు వరుసగా సభలోనికి నడచివచ్చి చుట్టు తిరిగిపోవుదురు. పడవవారు, పనికత్తెలు, తల్లుల చేతులు పట్టుకొన్న పిల్లలు ఆ వరుసలో నుందురు. చచ్చినవారిని బ్రతికింపజాలరని నవ్వినవారికి అంతకుమించిన సమాధానము అక్కరలేదు. చందాలును విరివిగా వచ్చుచుండెను. 1794లో లండను హైడుపార్కులోని సర్పెంటైను సరస్సు ఒడ్డున, మూడవ జార్జి రాజు ఇచ్చిన స్థలములో ఒక స్వీకారగృహము కట్టబడెను. చలికాలమున గడ్డకట్టిన ఆ సరస్సుపై జారుటకు పోయి, మంచు పగిలి మునుగువారు అనేకులు. ఆ సంఘమును చూచి అమెరికాలో 1780లో ఫిలడెల్ఫియాయందును, 1786లో మసాచుసెట్సునందును అట్టి సంఘములే వెలసెను.

హాసు దయ నీటి యొడ్డుననే నిలిచిపోలేదు. 1791లో ఆయన స్పిటల్ స్క్వేరు అను చోట కాపురము పెట్టెను. ఆ ప్రాంతమంతయు పట్టు నేతగాండ్ర నివాసము. 1793 ప్రాంతమున జనులు పట్టు మాని నూలువస్త్రములను మెచ్చుకొనసాగుటచే మగ్గములు మూతబడి నేతగాండ్ర యిండ్లలో ఆకలి చొచ్చెను. హాసు ఇల్లిల్లు తిరిగి, ధనికులను అర్థించి, వారికి సహాయము చేయించెను. ఆయన ప్రయత్నము వలన పండ్రెండు వందల కుటుంబములు నిలదొక్కుకొన్నవని నాటివారు వ్రాసిరి. నూలు నేతగాండ్రను పోగొట్టుకొన్న దేశమువారికి ఈ కథ మరియొక విధముగా మనసు తాకును.

హాసు తరువాత ఆయన విద్య నడచిన త్రోవ తిన్ననిది కాదు. సంఘము స్థాపింపబడిన 1774లోనే ప్రీస్ట్లీ యను శాస్త్రవేత్త ప్రాణవాయువును కనుగొనెను. మనము విడుచు ఊపిరి చెడుగాలి యను తలంపు అటుపిమ్మట వ్యాపించి, నోటితో ఊదుట తగదని వైద్యులే మానిపించిరి. తిత్తులు వచ్చెను, వానివలన ఊపిరితిత్తులు చిట్లునని అవియు పోయెను. చేతులను లాగియు, వీపు నొక్కియు ఊపిరి యాడించు పద్ధతులు నూరేండ్లు రాజ్యమేలెను. విడిచిన ఊపిరిలో గూడ నూటికి పదునారుపాళ్లు ప్రాణవాయువు మిగిలియుండుననియు, అది ఒక ప్రాణమును నిలుపుటకు చాలుననియు 1950 తరువాత ఇలాము, పీటరు సాఫరు అను అమెరికా వైద్యులు నిరూపించిరి. సాఫరు పరీక్షలకు కొందరు స్వచ్ఛందముగా లొంగి, మందుచే తమ ఊపిరిని ఆపించుకొని పడుకొనిరి. వారికి ఊపిరి నూదినవారిలో శిక్షణ లేని సామాన్యులును, స్కౌటు బాలురును గలరు. 1960లో రొమ్మును నొక్కి గుండెను ఆడించు పద్ధతి ప్రకటింపబడెను. ఆ యేడే నార్వే దేశపు ఆటబొమ్మల వ్యాపారి యొకడు జనులు అభ్యాసము చేయుటకై మనిషియంత బొమ్మను తయారుచేసెను.

నేడు ఈ శిక్షణ నీటి ప్రమాదములకే పరిమితమైనది కాదు. నల్లమందు జాతికి చెందిన నొప్పిమందులు మితిమీరినచో మనిషి గాఢనిద్ర పోయినట్లుండి, ఊపిరి క్రమముగా తగ్గి ఆగిపోవును. కంటిపాపలు సూదిమొనవలె చిన్నవగును, పెదవులు నీలివర్ణము దాల్చును, గొంతులో గురక వినబడును. నిద్రయే గదా యని ఇంటివారు విడిచినచో తెల్లవారుసరికి ప్రాణము దక్కదు. తట్టి పిలుచుట, పలుకకున్నచో వెంటనే సహాయమునకు కబురు పంపుట, ఊపిరి లేనిచో నోటితో నూదుట, గుండె ఆగినట్లున్నచో రొమ్ము నడుమ రెండంగుళముల లోతుగా నిమిషమునకు నూరునుండి నూటయిరువది సార్లు నొక్కుట, ఊపిరి యాడుచున్నచో ప్రక్కకు తిప్పి పరుండబెట్టుట మొదలగు పనులను ఇంటివారికే నేర్పుచున్నారు. నల్లమందు విషమునకు విరుగుడైన నాలోక్సోను అను మందు 1961 ప్రాంతమున కనుగొనబడెను. ముక్కులో చిమ్మిన కొద్ది నిమిషములలో అది ఊపిరిని తిరిగి రప్పింపగలదు. టాసక్ ఊపిరి పోసిన స్కాట్లండుననే 2011నుండి దేశవ్యాప్తముగా దానిని కుటుంబములవారి చేతికిచ్చి, వాడుక నేర్పుచున్నారు. 2023లో అమెరికాలో వైద్యుని చీటీ లేకయే దానిని అమ్ముటకు అనుమతి లభించెను. మన దేశమున అది ముఖ్యముగా వైద్యుల చేతిలో సూదిమందుగా నున్నది. హైదరాబాదునందు 2005లో మొదలిడిన 108 వాహనము వచ్చుదాక ఊపిరి నందించు పని మాత్రము ఇంటివారిదే.

మునిగినవాని కడుపు నొక్కి నీరు కక్కించుట మన పల్లెలలో నేటికిని కనబడును. పురుగులమందు మ్రింగినవానికి ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించుటయు అట్టిదే. ఆ నీరును, ఆ వాంతియు ఊపిరితిత్తులలోనికి పోయి ఉన్న ఊపిరిని గూడ ఆపివేయును. పీపాపై దొర్లింపవలదని ఆమ్‌స్టర్‌డాము సంఘమువారు రెండువందల యేబది యేండ్ల క్రిందటనే చెప్పియుండిరి.

హాసు 1808 డిసెంబరు 5వ తేదీన స్పిటల్ స్క్వేరులోని తన యింటిలో డెబ్బదిరెండేండ్ల వయస్సున మరణించెను. ఆయన దేహమును పుట్టిన యూరైన ఇస్లింగ్టనుకు తీసికొనిపోయి అచ్చటి శ్మశానవాటికలో ఖననము చేసిరి. చాప్టరు కాఫీశాల నేడు లేదు. సర్పెంటైను ఒడ్డుననున్న స్వీకారగృహము రెండవ ప్రపంచయుద్ధమున బాంబులకు నేలగూలెను. ముప్పదిరెండు మంది కూర్చుండి స్థాపించిన సంఘము మాత్రము పనిచేయుచునే యున్నది. ఇతరుల ప్రాణములను కాపాడినవారికి అది నేటికిని పతకములను, పత్రములను పంపుచున్నది.